ఏడింటి ఫిడేలు

ఆగస్టు 4, ఆదివారం

నువ్వు నాతో అబద్ధమాడావు పిన్నీ. ఒక్కసారి కాదు, ఉత్తరం రాసిన ప్రతిసారీ.

నిన్న బాబాయి లారీ మా షెడ్డు గేటు ముందు ఆపాడు. లోడు ఇటు మీదుగా పోతోందట, నన్ను చూసిపోదామని దిగాడు. టీ తాగించాను. సంతోషంగానే ఉన్నాను. తిరిగి లారీ ఎక్కుతుంటే సీటు పక్కన నల్ల ఫిడేలు పెట్టె కనిపించింది. ఆ పెట్టె నాకు తెలీదా? కొక్కెం ఊడితే రివెట్టు కొట్టి ఇచ్చింది నేనే కదా. పిన్ని ఫిడేలు నీ దగ్గరెందుకుంది బాబాయ్ అని అడిగాను. ఆయన నవ్వుతూ మూత తీశాడు. రెండు చొక్కాలు, ఒక తువ్వాలు, గడ్డం గీసుకునే బ్రష్షు, సబ్బు.

"మీ పిన్ని వాడట్లేదుగా, ఊరికే పడుందని తెచ్చుకున్నా. చొక్కాలు నలగట్లేదురా, బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు.

మరి ఫిడేలేదీ అన్నాను. దుప్పట్లో చుట్టి బీరువా పైఅరలో పెట్టిందిగా, ఎండాకాలం నుంచీ అక్కడే ఉంది అన్నాడు. పాపం, నా మొహం ఎందుకలా మారిందో ఆయనకు అర్థం కాలేదు. షెడ్డులో ఎండ దెబ్బ తగిలిందేమో మంచినీళ్ళు తాగమని చెప్పి వెళ్ళిపోయాడు.

మనం ఏమనుకున్నాం? ఈ పని దొరికి నేను మీ ఇంట్లోంచి బయల్దేరిన రోజు బస్టాండులో నువ్వు అన్న మాటే. సాయంత్రం ఏడింటికి నువ్వక్కడ వంటింట్లో, నేనిక్కడ, ఇద్దరం ఒకేసారి కమాను ఎత్తాలి. ఒకళ్ళకి బద్ధకమేస్తే రెండోవాళ్ళు ఎత్తేసుంటారని గుర్తొచ్చి లేవాలి. ఈ వయసులో మొదలుపెట్టినవాళ్ళని తిట్టి కూర్చోబెట్టేవాళ్ళెవరూ ఉండరు, మనకి మనమే దిక్కు అన్నావు.

ఇక్కడ నేనెలా వాయిస్తున్నానో తెలుసా? మా గదిలో నలుగురం. లోపల వాయిస్తే బూట్లు విసురుతారు. మెట్ల మలుపులో నీళ్ళ మోటారు పక్కన నిలబడి వాయిస్తాను. పొద్దున్నుంచి గ్రైండరు పట్టుకున్న చేతులు పని దిగాక కూడా వణుకుతూనే ఉంటాయి. కమాను తీగమీద పెడితే దానంతటదే గంతులేస్తుంది. జూన్‌లో రేకు అంచు తగిలి చూపుడువేలు తెగింది. కట్టు కట్టుకుని మిగతా వేళ్ళతో వాయించాను. ఎందుకు? పిన్ని అక్కడ మొదలుపెట్టేసుంటుందని. అప్పుడు నువ్వేం చేస్తున్నావు, ఉల్లిపాయలు తరుగుతున్నావా?

జులైలో రాశావు, మూడో వేలు ఇంకా తడబడుతోందిరా, కానీ తీగ పలుకుతోంది అని. ఏ తీగ? దుప్పట్లో ఉన్న తీగా? నేను పొద్దస్తమానం బీరువాలు తయారుచేసేది జనం వాటిల్లో ఫిడేళ్ళు దాచుకోడానికి కాదు.

నాకు అబద్ధాలు పడవు. ఎందుకు మానేశావో, ఎందుకు దాచావో రాయి.

ఇంకా మెట్ల మలుపులోనే నిలబడి ఉన్న,
నీ అక్క కొడుకు


ఆగస్టు 9, శుక్రవారం

ఒరేయ్ ఉడుకుమోతూ,

నీ ఉత్తరం విప్పగానే పొగ వచ్చింది. అమ్మ మీద అలిగి మా ఇంటికి పారిపోయి వచ్చినప్పుడు కూడా ఇలాగే ఉండేవాడివి, తలుపు తీసేలోపు నాలుగు మాటలు అనేసేవాడివి. మీ బాబాయి వచ్చాక ఆయన్ని నిలదీశాను. నేనేం చేశాను, చొక్కాలు పెట్టుకున్నా అంతేగా అన్నాడు. అంతే మరి. పెట్టె లాక్కుని ఎండలో పెట్టాను. సబ్బు వాసన వదలట్లేదు.

నువ్వన్నది నిజం. మానేశాను.

ఎందుకో రాద్దామని కూర్చున్నాను. భుజం నొప్పి అని రాసి కొట్టేశాను. బళ్ళు తెరిచే రోజులు, షాపులో యూనిఫారం ప్యాంట్ల అంచులు కుట్టేసరికి వేళ్ళు పనిచెయ్యట్లేదని రాశాను. అదీ కొట్టేశాను. అవన్నీ ఉన్నవే, కానీ వాటివల్ల మానలేదు.

నీ క్యాసెట్ వల్ల మానేశాను.

ఏప్రిల్‌లో పంపావే, నెమ్మది పాఠం వాయించి. వంట చేస్తూ పెట్టుకున్నాను. ముందు నీ దగ్గు వినిపించింది. జలుబున్నా లేకపోయినా ఏది మొదలుపెట్టాలన్నా ముందు దగ్గుతావు కదా, అదే దగ్గు. నవ్వుకున్నాను. తర్వాత ఫిడేలు మొదలైంది. స్టవ్ కట్టేసి అక్కడే కింద కూర్చుండిపోయాను. కమాను పైకెళ్ళి కిందికి తిరిగే చోట అతుకు తెలీలేదురా. రోజంతా అతుకు కనపడకుండా కుట్టేదాన్ని నేను, అదెంత కష్టమో నాకు తెలుసు. టేపు అయిపోయాక నా ఫిడేలు తీసి అదే పాఠం వాయించాను. నూనె వెయ్యని తలుపులా ఉంది.

ఇద్దరం ఒకే వారంలో మొదలుపెట్టాం. నీకు అలా వచ్చింది, నాకు ఇలా వచ్చింది. ఇంకెన్నాళ్ళు వాయించినా తలుపు తలుపే అనిపించింది. మర్నాడు ఎత్తలేదు. ఆ మర్నాడు ఎత్తాలంటే సిగ్గేసింది.

చెప్తే నువ్వూ మానేస్తావు. టైపింగు అలాగే మానేశావు, ఈత అలాగే మానేశావు, తోడొచ్చినవాడు మానేశాడని. అంత బాగా వాయించేవాడివి నా వల్ల ఆగిపోతే ఆ పాపం నాకెందుకని వాయిస్తున్నట్టు రాశాను. ఏడింటికి గడియారం చూసి వీడు ఎత్తుంటాడు కమాను అనుకుని తరగడం ఆపి నిలబడేదాన్ని. అది మాత్రం అబద్ధం కాదు.

తప్పు నాది. తిట్టుకో. మానకు.

పిన్ని


ఆగస్టు 14, బుధవారం

పిన్నీ,

ఉత్తరం మధ్యాహ్నం అన్నాలప్పుడు చదివాను. ఫోర్‌మన్ వెనకనుంచి వచ్చి ఏంటి ప్రేమలేఖా అన్నాడు. మా పిన్ని రాసింది అంటే నమ్మలేదు. నా మొహం అలా ఉందట.

ఎవరితోనో పోల్చుకుని మానేస్తారా? ఎవరి చెయ్యి వాళ్ళది. అయినా ఆ క్యాసెట్ అంత గొప్పదేం కాదు. ఏదో ఆ రోజు అలా కుదిరింది. తర్వాత నాకూ అంత బాగా రాలేదు. దాన్ని పారెయ్యి. లేకపోతే నాకు తిప్పి పంపెయ్యి, దాని మీద వేరేది రికార్డు చేసి పంపుతాను.

నువ్వు మళ్ళీ మొదలుపెట్టు. నీ ఫిడేలు మాస్టారు కింది వాటాలోనే ఉన్నారుగా, మెట్లు దిగితే చాలు. ఆదివారం బస్సెక్కి ఊరవతలికి పోయి నేర్చుకుంటున్నవాణ్ణి నేను. మా టీచరమ్మ దగ్గర పెద్దవాళ్ళ క్లాసులో నాకంటే నీకంటే పెద్దవాళ్ళున్నారు. ఒకాయన పళ్ళ డాక్టరు, రోజూ అందరి నోళ్ళూ తెరిపిస్తాడు గానీ ఆయన ఫిడేలు నోరు మాత్రం ఇంకా తెరుచుకోలేదు. ఆయన మానేశాడా?

ఆ క్యాసెట్ మాస్టారికేం వినిపించలేదు కదా?

నీ మీద కోపం పోయిందని కాదు. కొంచెం తగ్గింది. అంతే.

నీ ఉడుకుమోతు


ఆగస్టు 20, మంగళవారం

ఒరేయ్ ఉడుకుమోతూ,

క్యాసెట్ పంపను. నాదది. నువ్వు గొప్పది కాదంటే కాకుండా పోతుందా.

మాస్టారి సంగతి దాచాలనుకున్నాను. నువ్వే అడిగావు కాబట్టి చెప్తున్నాను. వినిపించాను. వచ్చిన మర్నాడే, గొప్ప చెప్పుకోడానికి, టేప్‌రికార్డరు చంకలో పెట్టుకుని కిందికి వెళ్ళాను. సాయంత్రం పిల్లలు పాఠానికొచ్చి చాపమీద కూర్చున్నారు. ఆయన కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు. "ఇది నేర్చుకునేవాళ్ళ చెయ్యి కాదమ్మా" అన్నారు. మెచ్చుకుంటున్నారని పొంగిపోయాను. అప్పుడాయన, "ఏళ్ళ తరబడి వాయించినవాళ్ళెవరో వాయించారు. మీవాడు కాదు" అన్నారు.

నాకెక్కడో మండింది. మీ దగ్గర నేర్చుకున్న నాకు రాలేదు, ఇంకొకళ్ళ దగ్గర నేర్చుకున్నవాడికి వచ్చేసరికి ఓర్చుకోలేకపోతున్నారా అన్నాను. మా అక్క కొడుక్కి ముక్కుమీద కోపముంది గానీ వాడు దొంగ కాడు అన్నాను. ఇంకా ఏవో అన్నాను. పెద్దాయన్ని, ఆయన గదిలోనే నిలబడి, ఆయన శిష్యుల ముందు. ఆయన పిల్లల వైపు తిరిగి శ్రుతి చూసుకోండి అన్నారు.

అప్పట్నుంచీ ముందు మెట్లు ఎక్కడం మానేశాను. వెనకవైపు చెత్తడబ్బాల పక్కనుంచి దిగి పనికి పోతున్నాను. మీ బాబాయికి కూడా చెప్పలేదు.

అయినా నాకు బాధ లేదు. నీ తరఫున అన్నాను. ఎవరో ఒకరు అనాలి కదా.

పోల్చుకోవద్దన్నావు. ఆ మాట మంచిదే అనిపించి నిన్న దుప్పటి విప్పాను. ఒక తీగ తెగి చుట్టుకుపోయి ఉంది. తీగలు బిగించే బిరడాలు బిగుసుకుపోయాయి, తిప్పితే విరుగుతాయేమోనని భయం. బాగుచేయించాలంటే ఈ చుట్టుపక్కల ఆయనొక్కరే. ఎలా వెళ్ళను? ముందు ఆయన నిన్ను అన్నమాట వెనక్కి తీసుకోవాలి. అప్పటిదాకా ఇది ఇలాగే ఉంటుంది.

ఉంటాను. వేలికి మందు రాసుకున్నావా?

పిన్ని


ఆగస్టు 24, శనివారం

ఆ క్యాసెట్‌లో వాయించింది నేను కాదు.

దగ్గింది నేను. ఫిడేలు టీచరమ్మది.

మాస్టారు చెప్పింది చెప్పినట్టు నిజం. ఒక్కసారి విని కనిపెట్టారు. నిజం చెప్పినందుకు పిల్లల ముందు మాటపడ్డారు. ఆ మాటలు నీ నోట్లోంచి వచ్చాయి గానీ అనిపించింది నేను.

ఎలా జరిగిందో చెప్తాను, సాకు అనుకోకు. మార్చిలో నువ్వు నెమ్మది పాఠం మొదలుపెట్టానని రాశావు. నేనింకా దాని ముందు పాఠం దగ్గరే కొట్టుకుంటున్నాను. నువ్వు ముందుకెళ్ళిపోతావనీ, వెళ్ళాక ఏడింటికి నాకోసం ఆగవనీ భయమేసింది. ఆ భయంతోనే టీచరమ్మని బతిమాలి నెమ్మది పాఠం చెప్పించుకున్నాను. ఓ ఆదివారం క్లాసులో నాది రికార్డు చేసుకుందామని టేపు నొక్కాను, దగ్గాను, కమాను ఎత్తాను. పట్టుకోవడమే తప్పని టీచరమ్మ చెయ్యి చాపారు. ఆవిడకు మాటకంటే చెయ్యి ముందొస్తుంది. నా ఫిడేలు తీసుకుని పాఠం మొత్తం ఒకసారి వాయించి చూపించారు. టేపు తిరుగుతూనే ఉంది.

గదికొచ్చి విన్నాను. దగ్గు, కాసేపు ఏమీ లేదు, తర్వాత ఆ పాట. మధ్యలో మనిషి మారినట్టు ఎక్కడా తెలీదు. కవరులో పెట్టాను. పైన 'నెమ్మది పాఠం, నేను' అని రాశాను. ఆ 'నేను' అనే ముక్క రాయకపోయినా నువ్వు నాదే అనుకునేదానివి. అయినా రాశాను.

బావుంది అంటావని, నువ్వు కూడా గట్టిగా వాయిస్తావని అనుకున్నాను. నువ్వు మానేస్తావని అనుకోలేదు. మానేశావని తెలిశాక, ఎందుకు మానేశావో ఒక్క క్షణం ఆలోచించకుండా నిన్ను తిట్టాను. నాకు అబద్ధాలు పడవు అని రాశాను చూశావా, అది రాసేటప్పుడు నా చెయ్యి ఆగలేదు కూడా. నీ జవాబు చూసి కారణం నేనేనని తెలిసిపోయింది. అప్పుడైనా చెప్పాలి కదా. ఆ రోజు అలా కుదిరింది అని రాశాను. క్యాసెట్ తిప్పి పంపమన్నాను. సాక్ష్యం మాయం చేద్దామని.

నీ చెయ్యి తలుపులా ఉందన్నావు. నా చెయ్యి ఎలా ఉంటుందో నువ్వింతవరకూ వినలేదు. మోటారు ఆగినప్పుడు కూడా పక్క గదివాళ్ళకి ఆగలేదనిపిస్తుంది.

ఇంక ఏం రాయాలో తెలీట్లేదు.


ఆగస్టు 30, శుక్రవారం

ఉత్తరం అందింది.

నాలుగు నెలలు నా వేళ్ళను నేను తిట్టుకున్నాను. షాపులో సూది గుచ్చుకున్నా, ఈ చెయ్యి ఇంతే, దేనికీ పనికిరాదు అనుకున్నాను. నన్ను నేను పోల్చుకున్నది నీతో కాదు, జీవితమంతా వాయించినావిడతో. ఎవరికైనా చెప్తే నవ్వుతారు. నాకు నవ్వు రావట్లేదు.

నిన్ను అనడానికి నాకు నోరు లేదు. నేనూ నీకు ప్రతి ఉత్తరంలో అబద్ధమే రాశాను. అది ఇంకా మండుతోంది.

మాస్టారి దగ్గరకు వెళ్ళాలి. వెళ్ళలేను. ఆయన చెప్పుల చప్పుడు ముందు మెట్లమీద వినపడితే తలుపు దగ్గరగా వేసుకుంటున్నాను. నిజం చెప్పిన మనిషిని పట్టుకుని ఓర్వలేకపోతున్నారన్నాను. ఆ పిల్లల్లో చిన్నది నన్ను చూసి ఇప్పటికీ పక్కకు తప్పుకుంటుంది.

పెట్టె మీ బాబాయికి ఇచ్చేశాను, చొక్కాలు పెట్టుకోమని.

ఏడింటికి నాకోసమని ఎత్తకు. కొన్నాళ్ళు ఉత్తరాలు వద్దు.


సెప్టెంబరు 8, ఆదివారం

రాయొద్దన్నావు. రాస్తున్నాను. ఇది కూడా నా తప్పుల్లో కలుపుకో.

నీ ఉత్తరం వచ్చాక మెట్ల మలుపులోకి వెళ్ళాను గానీ ఎత్తలేకపోయాను. పెట్టె తెరిచి, చూసి, మూసేశాను. మర్నాడూ అంతే. గదిలోవాళ్ళు ఏంరా, రోజూ ఏడింటికి అరిచే నీ పిల్లి చచ్చిపోయిందా అన్నారు. ఇన్నాళ్ళూ తిట్టినవాళ్ళు ఇప్పుడు పరామర్శలు. ఒకడైతే వాయించరా బాబూ, నువ్వు ముంగిలా కూర్చుంటే ఇంకా భయంగా ఉంది అన్నాడు.

పోయిన ఆదివారం టీచరమ్మకి చెప్పాను. అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి చెప్పాను. తిడతారనుకున్నాను. ఆవిడ వాయించింది మోసానికి వాడుకున్నాను కదా. ఆవిడ కమానుకు రోజిన్ బిళ్ళ రుద్దారు. తర్వాత ఆ కమాను నా చేతికిచ్చి, "మీ పిన్నికి ఏది వినిపించాలో అది వాయించు" అన్నారు. నెమ్మది పాఠం వాయించాను. అతుకులు కాదు పిన్నీ, చిరుగులు. ఆవిడ ఆపలేదు. సరిదిద్దలేదు. అయిపోయాక తలుపు గడియ తీసి వచ్చే వారం రమ్మన్నారు.

నిన్న ఏడింటికి ఎత్తాను. అవతల ఎవరూ వాయించట్లేదనీ, నాకోసం గడియారం కూడా చూడట్లేదనీ తెలిసి ఎత్తడం ఇదే మొదటిసారి. ఇన్నాళ్ళూ నువ్వు లేకపోతే నాకు చెయ్యి రాదనుకున్నాను. వచ్చింది. నీకోసమే వాయిస్తున్నానని చెప్పుకుంటూ వచ్చాను, నిజానికి నువ్వెక్కడ నన్ను దాటిపోతావోనని వాయించాను. నిన్న ఆ భయం లేదు. బాగా వాయించలేదు. కానీ పాఠం చివరిదాకా వెళ్ళాను.

నీకు చెప్పకుండా మాస్టారికి కూడా రాశాను. మొత్తం రాశాను. దగ్గు సంగతితో సహా. నిన్న జవాబు వచ్చింది, ఒక కార్డు. అందులో ఉన్నది ఇంతే: 'చదివాను. మాట పిల్లల ముందు అన్నారు. దానికి జవాబు కూడా వాళ్ళు వినాలి. శనివారాలు సాయంత్రం పాఠం ఉంటుంది.'

నీ గురించి ఒక్క ముక్క కూడా లేదు. క్షమించాననీ లేదు, రమ్మనీ లేదు. ఏదైనా మంచి మాట ఉంటే నీకు ముందే రాసేవాణ్ణి. లేనిది కల్పించి రాయను. ఆ పని ఒకసారి చేశాను, చాలు.

ఆయనన్నది సరైనదే. అందుకని ఇరవై ఒకటో తారీకు శనివారం వస్తున్నాను. ఫోర్‌మన్‌ని సెలవడిగితే ఎవరు పోయారు అన్నాడు. ఎవరూ పోలేదు, నేనే పోవాలి అన్నాను. ఇంకా ఊ అనలేదు గానీ అంటాడు.

పిల్లలు చాపమీద కూర్చున్నాక వాళ్ళ ముందు నిలబడి చెప్తాను, ఆ రోజు మీ మాస్టారు చెప్పింది నిజం, మా పిన్ని చేత ఆ మాటలు అనిపించింది నేను అని. ఆ తర్వాత నెమ్మది పాఠం వాయిస్తాను, నా చేత్తో, నాకొచ్చినట్టు. పిల్లలు నవ్వితే నవ్వుతారు. ఆ చిన్నది నవ్వితే ఇంకా మంచిది.

నువ్వు కూడా కిందికి రావాలి. ముందు మెట్లమీంచి. తీగ తెగిన ఫిడేలు చేత్తో పట్టుకుని. నువ్వు మాట్లాడక్కర్లేదు. నీ తప్పు కూడా నామీద వేసుకుని నిన్ను తప్పించేద్దామని అనుకున్నాను. టీచరమ్మ దగ్గర నిలబడ్డాక తెలిసింది, అది కుదరదు. ఆయన్ని నువ్వన్న మాటలు నీవే. వాటికోసం నువ్వు ఆయన ఎదురుగా నిలబడాల్సిందే. నేను పక్కన ఉంటాను. ఆయన బిరడాలు తిప్పిపెడతారో, వెళ్ళిపొమ్మంటారో నాకు తెలీదు. వెళ్ళిపొమ్మంటే ఇద్దరం పోదాం.

నన్ను క్షమించమని అడగట్లేదు. దాని సంగతి నీకెప్పుడు కుదిరితే అప్పుడు చూసుకో, కుదరకపోతే వదిలెయ్. ఇప్పుడు అడిగేది ఒక్కటే. శనివారం మెట్లు దిగుతావా, దిగవా?

ఊరికే ఉంటే అదే జవాబనుకోమని మాత్రం అనకు, అనుకోను. కార్డు ముక్క మీద దిగుతాననో దిగననో రాసి పోస్టులో వెయ్యి. పంతొమ్మిదో తారీకు గురువారం లోపల అది నా చేతిలో ఉండాలి.